ఎనిమిదవ మాసపు శిశువు

ఏడవ మాసమున బుట్టిన శిశువు బ్రదుకును గాని, ఎనిమిదవ మాసమున బుట్టినది బ్రదుకదను మాట వినని గృహిణి మనలో నుండదు. ఇది పామరుల నమ్మకము మాత్రమే కాదు. అష్టమ మాసమున నోజస్సు స్థిరముగా నుండదనియు, అప్పుడు పుట్టిన శిశువు జీవింపదనియు సుశ్రుతసంహిత శారీరస్థానమున గలదు. బాల్యమున దండ్రిగారియొద్ద దానిని జదివిన నేనును జిరకాల మట్లే తలచితిని.

నా చెల్లెలికి ముప్పదిరెండవ వారముననే నొప్పులు వచ్చినవి. పిల్ల తూకము 1,600 గ్రాములు. చూడవచ్చిన మా పెద్దమ్మగారు, “ఎనిమిదో నెల పిల్ల, దీనిమీద ఆశలు పెట్టుకోకండమ్మా” అనిరి. ఆ మాట చెవిని బడిన బాలెంత రెండుదినములు పిల్లవంక జూడనే లేదు. ఆ రెండుదినములు తలపునకు వచ్చినప్పుడు నాకు నేటికిని గోపము వచ్చును.

నిజమునకు, గర్భమున గడచిన ప్రతివారమును శిశువునకు బలమే. ఊపిరితిత్తులలోని సన్నని గదులు ముడుచుకొనిపోకుండ గాపాడు జిడ్డుపదార్థ మొకటి ఇంచుమించు 24వ వారమునుండి యూరనారంభించి, 35వ వారమునకు జాలినంత యగును. కావున నేడవ మాసపు శిశువుకంటె నెనిమిదవ మాసపు శిశువునకే బ్రదుకు నవకాశ మధికము. నెలలు నిండకమునుపే కాన్పు రానున్న తల్లికి ముందుగా సూదిమందిచ్చినచో శిశువునకు శ్వాసబాధ తగ్గునని న్యూజీలాండు వైద్యులు లిగిన్సు, హౌవీగార్లు 1972లో బ్రకటించిరి. వెచ్చని పెట్టెలు చాలని బొగోటా నగరమున, 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు, శిశువును దల్లి రొమ్మున జర్మమునకు జర్మము తగులునట్లు కట్టు పద్ధతిని నెలకొల్పెను. మా చెల్లెలిచే దాదులు చేయించినదియు నదియే.

శిశువు వెలుపల బ్రదుకగల దెప్పుడను ప్రశ్నయే గర్భవిచ్ఛిత్తి వాదమునందును దలయెత్తును. మన దేశమున 1971 నాటి చట్టము 20 వారముల వఱ కనుమతించెను. 2021 సవరణచే గొన్ని తరగతుల స్త్రీలకు 24 వారము లయినవి. అటుపైని శిశువునకు దీవ్రవైకల్య మున్నదని వైద్యమండలి తేల్చవలెను, లేదా తల్లికి బ్రాణాపాయ ముండవలెను.

2023 అక్టోబరులో, ఇరువురు బిడ్డలుగల యొక తల్లి 26 వారముల గర్భముతో సుప్రీంకోర్టు నాశ్రయించెను. చంటిబిడ్డకు బాలిచ్చుచుండుటచే ముట్టు రాక, గర్భము నెఱుగనైతి ననియు, కాన్పు తరువాతి మనోవ్యాధికి మందులు వాడుచుంటి ననియు నామె విన్నపము. 9వ తేదీన ననుమతి లభించెను. పిండము బ్రదుకు నవకాశము గలదని వైద్యుడొకరు వ్రాయగా, 11వ తేదీన న్యాయమూర్తులు భిన్నాభిప్రాయులైరి. ఇరువురును స్త్రీలే! హిమా కోహ్లీగారు, మన తెలంగాణ హైకోర్టున బ్రధాన న్యాయమూర్తిగా నుండినవారు, అనుమతింపలేమనిరి. నాగరత్నగారు తల్లి నిర్ణయమునే మన్నింపవలె ననిరి. 16వ తేదీన మువ్వురు న్యాయమూర్తులు నిరాకరించిరి.

1,600 గ్రాముల పిల్లను జేతుల కెత్తుకొన్న నాకు గోహ్లీగారి సంకోచము తెలియును. అయినను, మోయలేనని మొఱ్ఱపెట్టిన దానిచే మోయించుట నా మనస్సున కెక్కదు. ఆమెకు 8వ వారముననే తెలిసియుండిన నీ వ్యాజ్యమే లేకుండెడిది. పాలిచ్చు తల్లికి గర్భము నిలువదనుటకు బూచీ లేదు. బిడ్డ కాఱుమాసములు దాటినపిదప మఱియు లేదు. పరీక్షించుకొను పట్టీలు నేడు ప్రతి మందులకొట్టునను దొరకుచున్నవి.