మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు

సాఫ్ట్‌వేర్ ఎక్కించాక కంప్యూటర్ మొరాయించినా, తెర మీద బొమ్మ చెదిరినా మన దగ్గర మొదట వినపడే సలహా ఒకటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ల్యాబ్ కుర్రాడు చెప్పేదీ అదే, మాదాపూర్ కంపెనీల్లో హెల్ప్‌డెస్క్ చివరికి చేసేదీ అదే. ఆ సలహా పూర్తిగా తప్పని కాదు, చాలాసార్లు పని జరుగుతుంది కూడా. అయితే అది ఆఖర్న చెయ్యాల్సిన పని. నిన్నటిదాకా సరిగ్గా నడిచిన యంత్రంలో ఈలోగా మారిందేమిటి? ఆ మార్పు అప్లికేషన్‌లోనా, డ్రైవర్‌లోనా, ఫాంట్‌లోనా, కేబుల్‌లోనా? ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టే రిపేరు గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగుతుంది.

దీనికి హైదరాబాద్ కళ్లారా చూసిన సాక్ష్యం 2024 జులై 19, శుక్రవారం. ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అమెరికా భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ ఫైలు పంపింది. ఆ ఫైలును చదివే ప్రోగ్రాముకు అందింది 20 విలువలు, అది వెతికింది 21వ దాన్ని. లేని విలువ కోసం తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది. మామూలు అప్లికేషన్ ఆ పని చేస్తే అదొక్కటే మూతపడేది. ఫాల్కన్ నడిచేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కాబట్టి యంత్రమే కూలబడింది. ప్రపంచమంతా కలిపి సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. శంషాబాద్ విమానాశ్రయంలో కంప్యూటర్ చెకిన్‌కు అంతరాయం కలిగింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆరోజు దేశమంతా తిరిగింది.

నీలి తెర విండోస్‌ది కనక, అందరూ ‘మైక్రోసాఫ్ట్ పడిపోయింది’ అన్నారు. అంతకు కొన్ని గంటల ముందే మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్ సేవల్లో వేరే అంతరాయం రావడంతో ఆ మాటకు బలం కూడా దొరికింది. కాని ఎన్నో తెరల మీద ఏడుపుగొట్టు బొమ్మ కింద, చిన్న అక్షరాల్లో, విఫలమైన ఫైలు పేరు సీఎస్ఏజెంట్ డాట్ సిస్ అని రాసే ఉంది. అది క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్. పెద్ద అక్షరాలు చదివినవాళ్లు ఒకరిని తిట్టారు, ఆ చివరి వరుస చదివినవాళ్లకు వెతకాల్సిన ఫోల్డరు తెలిసింది. విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, డ్రైవర్ల ఫోల్డరులోని క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డరుకు వెళ్లి, సి-00000291 అని మొదలయ్యే ఫైలును తీసేస్తే చాలు. విండోస్ మళ్లీ వెయ్యనక్కర్లేదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాల్సివచ్చి, పని ఒక్కో యంత్రం దగ్గరా నత్తనడక నడిచింది.

మరి కొందరికి ఊరికే రీస్టార్ట్ చేస్తేనే బాగుపడింది కదా అని అడగవచ్చు. నిజమే. అజూర్ వర్చువల్ యంత్రాలను 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి రావచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. క్రౌడ్‌స్ట్రైక్ 10 గంటల 57 నిమిషాలకే తప్పుడు ఫైలును వెనక్కి తీసుకుంది. యంత్రం లేచి, మళ్లీ కూలేలోపు ఇంటర్నెట్ అంది సరైన ఫైలు దిగితే గట్టెక్కినట్టే. అంటే రీస్టార్ట్ పనిచేయడానికీ కారణం ఉంది. అది తెలిసినవాడు పదోసారి కూడా ఓపిగ్గా నొక్కుతాడు, వైఫై బదులు కేబుల్ తగిలిస్తాడు.

తెర మీద గీతలు, మచ్చలు, మసక వస్తే మన అనుమానం నేరుగా మానిటర్ మీదికో గ్రాఫిక్స్ కార్డు మీదికో పోతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని కంప్యూటర్ దుకాణాలకు పరుగెత్తేముందు ఓ స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో చూడండి. గీతలు అందులోనూ కనిపిస్తే తప్పు చాలావరకు మానిటర్‌కు ఇవతలే, అంటే అప్లికేషన్‌లోనో డ్రైవర్‌లోనో కార్డులోనో ఉంది. బొమ్మ శుభ్రంగా ఉంటే చాలావరకు కేబులో ప్యానెలో. సేఫ్ మోడ్‌లో విండోస్ తన సాదా డిస్‌ప్లే డ్రైవర్‌తో నడుస్తుంది, అక్కడ గీతలు మాయమైతే మీ అసలు డ్రైవర్ మీద అనుమానపడాలి. విండోస్ ఇంకా మొదలుకాకముందే, కంపెనీ లోగో దగ్గరే గీతలుంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చినా దండగ.

తెలుగు చదివేవాళ్లకు ఇందులో ఇంకో చిక్కుంది. పత్రికాఫీసు నుంచి వచ్చిన ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గందరగోళం కనపడుతుంది. అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం అది. అందులో తెలుగు ఆకారాలను ఇంగ్లిషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెట్టారు, కాబట్టి అదే అను ఫాంట్ గాని, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ గాని కావాలి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలుంటే తెలుగు ఫాంటే లేదు, వేసుకుంటే సరి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పక్కన పడితే ఫాంట్ ఉంది గాని, అక్షరాలను కలిపి గీసే ఇంజిన్ పనిచేయట్లేదు. పాత ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టాక ఆ ఒత్తులు చోటు చేరేవి. చూపుకు మూడూ ‘తెలుగు రావట్లేదు’ అనే ఫిర్యాదే, మామూలు యూనికోడ్ తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే తీరేది మాత్రం ఒక్కటే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం వచ్చే వరుసను గీయలేక ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు మూతపడ్డాయి. యాప్ తీసేసి మళ్లీ వేసినా లాభం లేదు, లోపం ఆపిల్ సొంత అక్షరాల ఇంజిన్‌లో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాక గాని అది వదల్లేదు.

ఇంత కూపీ లాగే తీరిక ఆఫీసులో ఎవరికుంది అన్నది బలమైన అభ్యంతరమే. టికెట్ గడువు ముంచుకొస్తుంటే ల్యాప్‌టాప్ తుడిచేసి కొత్త విండోస్ ఇమేజ్ వెయ్యడం హెల్ప్‌డెస్క్‌కు సులువు, ఒక్క యంత్రమే పాడైతే అందులో తప్పేమీ లేదు. కాని చెడ్డ డ్రైవర్‌ను పంపుతున్నది కంపెనీ సర్వరే అయితే, తుడిచిన ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌కు తగలగానే దాన్నే మళ్లీ దించుకుంటుంది. అసలు విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఒకటుంది, ఏ తేదీన ఏది ఇన్‌స్టాల్ అయిందో, ఏది కూలిందో ఒకే పట్టికలో చూపిస్తుంది. దాన్ని చూడటానికి రెండు నిమిషాలు చాలు. తేదీ దొరికితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లవచ్చు. పాత డ్రైవర్ యంత్రంలో మిగిలి ఉంటేనే ఆ బటన్ పనిచేస్తుంది. అంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేసుకున్న ల్యాప్‌టాప్‌లో అది నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉంటుంది.