బకెట్ నిండింది కానీ గాలి శుభ్రం కాలేదు: ఇంట్లో టేబుల్ సా దుమ్మును ఇలా తగ్గించా

డెస్క్ సెటప్ కోసం మానిటర్ స్టాండ్, స్పీకర్ బాక్సులు సొంతంగా చేసుకుందామని ఒక చిన్న టేబుల్ సా కొన్నా. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి ఉంటుంది కదా, ఆ రంపమే. ఇంటి కింద షట్టర్ ఉన్న గదే నా వర్క్‌షాప్. పాత వాక్యూమ్ క్లీనర్‌ని రంపానికి తగిలించి, మధ్యలో సైక్లోన్ మూత ఉన్న పెయింట్ బకెట్ పెట్టా. ప్లైవుడ్ కోసిన ప్రతిసారీ బకెట్‌లో బోలెడు పొట్టు పడుతోంది. సెటప్ సూపర్ అనుకున్నా.

ఒకరోజు అమ్మ, "నువ్వు కింద ఆ మిషన్ పెట్టినప్పుడల్లా మీ నాన్నకి దగ్గు ఎక్కువవుతోందిరా" అంది. నాన్న గది సరిగ్గా పైనే. ఆయన కిటికీ నా షట్టర్ మీదే ఉంటుంది. అప్పుడు లైట్ వెలిగింది. బకెట్ మనం పట్టుకున్న దుమ్మునే చూపిస్తుంది. తప్పించుకున్నది ఎంతో చెప్పదు.

అసలు సమస్య కనిపించని దుమ్ము

నేల మీద పడే పొట్టు చీపురుకి దొరుకుతుంది. పీఎం 2.5 అనే సన్నటి దుమ్ము అలా కాదు. ఆ కణం సైజు 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ. అంటే తల వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు. ఇది గాలిలో చాలాసేపు తేలుతూ ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో ప్రచురించిన నివేదికలో చెక్క దుమ్మును గ్రూప్ 1లో చేర్చింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తగిన ఆధారాలున్న పదార్థాల జాబితా అది.

టేబుల్ సా దగ్గర ఇబ్బంది ఇంకోటుంది. 210 మి.మీ. బ్లేడు నిమిషానికి 5,800 సార్లు తిరిగితే, దాని అంచు వేగం గంటకు సుమారు 230 కిలోమీటర్లు. పళ్లు కొంత దుమ్మును కిందికి, కొంత బల్ల పైకి, మన ముఖం వైపు విసురుతాయి. కింద ఒక్క పైపు పెడితే సగం పనే అయినట్టు.

ముందు కొలవండి, తర్వాత కొనండి

కొత్త డస్ట్ కలెక్టర్ ఆర్డర్ చేసే ముందు ఒక మీటర్ తయారు చేసుకున్నా. పీఎంఎస్5003 సెన్సార్, ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న స్క్రీన్, అంతే. సెన్సార్‌లోని బుల్లి ఫ్యాన్ గాలిని లాగుతుంది. దుమ్ము కణాల మీద లేజర్ పడి చెదిరే కాంతిని బట్టి లెక్క వేస్తుంది. ల్యాబ్ పరికరమంత కచ్చితం కాదు కానీ మార్పుకి ముందు, తర్వాత పోల్చుకోడానికి చాలు.

ఫోన్ బ్యాటరీ టెస్ట్‌లో బ్రైట్‌నెస్, వైఫై ఒకేలా ఉంచుతాం కదా, ఇక్కడా అదే పద్ధతి. మీటర్ రంపానికి రెండు మీటర్ల దూరంలో, ముక్కు ఎత్తులో. ప్రతిసారీ అదే ప్లైవుడ్, అవే పది కోతలు. ఒకసారికి ఒక్క మార్పే. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 15. ఇవి రోజంతా సగటు కాబట్టి ఐదు నిమిషాల రీడింగ్‌తో నేరుగా పోల్చకండి.

ఇక్కడే షాక్ తగిలింది. రంపం ఆపేసి, మీటర్ నెంబర్ కిందికి దిగేదాకా ఆగి, వాక్యూమ్ ఒక్కటే ఆన్ చేశా. రీడింగ్ మళ్లీ పైకి ఎగబాకింది! బకెట్ దాటి వచ్చిన సన్నటి దుమ్మును పాత ఫిల్టర్ ఆపలేక వెనక నుంచి గదిలోకే ఊదుతోంది. దుమ్ము పోగొడుతుందనుకున్న మిషనే దాన్ని గది నిండా చల్లుతోందన్నమాట.

నేను చేసిన నాలుగు మార్పులు

1. ఫిల్టర్: వాక్యూమ్‌కి హెపా ఫిల్టర్, లోపల దుమ్ము సంచి వేశా. అమెరికా ప్రమాణం ప్రకారం హెపా 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి. ఫిల్టర్ చుట్టూ రబ్బరు సీల్ సరిగ్గా కూర్చోకపోతే మాత్రం అంత డబ్బూ వేస్టే. నాకు పెద్ద తేడా కనిపించింది ఈ మార్పుతోనే. సైక్లోన్‌ని తీసేయలేదు. లావు పొట్టు బకెట్‌లోనే ఆగితే ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. జేమ్స్ డైసన్‌కి సంచి లేని వాక్యూమ్ ఐడియా వచ్చింది కూడా రంపపు మిల్లులోని ఇలాంటి సైక్లోన్ చూసే.

2. పైపు: రంపం అవుట్‌లెట్ 64 మి.మీ., నా గొట్టం 35 మి.మీ. వైశాల్యం లెక్క వేస్తే మూడో వంతు కూడా లేదు. వాక్యూమ్ బలంగా పీల్చినా తక్కువ గాలినే లాగుతుంది. అందుకే లావు గొట్టం పెట్టి, పొడవు తగ్గించి, వంపులు తీసేశా.

3. సందులు: ప్లగ్ పీకి, రంపం లోపల పొట్టంతా శుభ్రం చేశాక, ఒక అగరుబత్తి పొగతో చూశా. వాక్యూమ్ ఆన్‌లో ఉంటే పొగ ఎక్కడ లోపలికి పోతోందో అక్కడ లీక్ ఉన్నట్టే. పొట్టు ఉన్నప్పుడు ఈ టెస్ట్ చేయొద్దు, అంటుకుంటుంది. కింది సందులు ఫోమ్ టేపుతో మూశా. బ్లేడు దగ్గర గాలి దారి, మోటార్‌ చల్లబడే రంధ్రాలు మాత్రం వదిలేయాలి.

4. బల్ల పైన: బ్లేడు మీద గార్డ్‌కి పైపు తగిలించే మోడల్ తెచ్చి, దానికి వేరే వాక్యూమ్ ఇచ్చా. ఒకే చిన్న వాక్యూమ్‌ని రెండుగా చీలిస్తే రెండు చోట్లా పీల్చడం తగ్గిపోతుంది.

ఇవి కూడా మర్చిపోకండి

కోత అయిపోగానే వాక్యూమ్ ఆపొద్దు, కొన్ని నిమిషాలు నడవనివ్వండి. పొడి చీపురుతో ఊడిస్తే అడుగున చేరిన సన్నటి దుమ్ము మళ్లీ లేస్తుంది, కాబట్టి వాక్యూమ్‌తోనే తీయండి. గ్రైండర్ నిప్పురవ్వలు వచ్చే పనికి ఇదే బకెట్ వాడొద్దు. ఎన్ని చేసినా ఎన్95 మాస్క్ తీసే పరిస్థితి రాలేదు. ముఖ్యంగా ఎండీఎఫ్ కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. దాని దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది.

నాన్న దగ్గు దీనివల్లే వచ్చిందనీ, దీంతోనే పోయిందనీ నేను చెప్పను. అది డాక్టర్ చూడాల్సిన విషయం, చూపిస్తున్నాం కూడా. కానీ ఇప్పుడు నేను రంపం ఆన్ చేసేముందు ఆయన కిటికీ దగ్గర కూడా ఒకసారి మీటర్ పెట్టి చూస్తున్నా. మొన్న ఆయనే స్క్రీన్ వైపు చూసి, "ఎంత ఉందిరా ఇవాళ?" అని అడిగారు.

మీ ఇంట్లో రంపం, శాండర్, ఏదున్నా సరే, ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి: మిషన్ ఆపి, వాక్యూమ్ ఒక్కటే ఆన్ చేసి మీటర్ చూడండి. నెంబర్ పెరిగితే మీ ఖర్చు ఎక్కడ మొదలవ్వాలో తెలిసిపోయినట్టే.