సిగరెట్టు పెట్టెలోని నటీమణులు

సిగరెట్టు పెట్టెలో బొమ్మ యేల? మొదట అది అలంకారమునకు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున సిగరెట్లను పలుచని కాగితపు పొట్లములలో అమ్మెడివారు. జేబులో అవి నలిగి విరుగకుండుటకై నడుమ నొక గట్టి అట్టముక్క నుంచిరి. ఆ అట్టను వట్టిగా పోనిచ్చుట వర్తకునకు నచ్చునా? 1880 తరువాత అమెరికాలో ఆలెన్-గింటర్ మొదలగు కంపెనీలవారు దానిపై నటీమణుల చిత్రములు ముద్రింపసాగిరి. అవి వరుసలుగా వెలువడుటచే, వరుస పూర్తిచేయు పట్టుదలతో జనులు మరల మరల ఆ సిగరెట్టునే కొనెడివారు. ఈ బొమ్మలను చూచి రోసినవాడు ఒక కంపెనీ యజమానికి కన్నతండ్రియే! వాషింగ్టన్ డ్యూక్ 1894లో, వీనిని మానుమని కుమారునకు లేఖ వ్రాసెను.

విల్స్ కంపెనీవారి కత్తెర మార్కు సిగరెట్టు మన దేశమున ప్రసిద్ధము. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము, ఇచటి తెల్లసైనికుల నుద్దేశించి ఆ మార్కుతో వెలువడిన కార్డులలో నటీమణుల వరుసలును కలవు. ఆ ముఖములు సీమ రంగస్థలమునకు చెందినవి. తెలుగు నాటకములలో స్త్రీపాత్రలను ఆనాడు పెక్కుచోట్ల పురుషులే ధరించెడివారు. సురభివారు మాత్రము తమ యింటి ఆడుపడుచులనే రంగమెక్కించిరి. ఊరూర డేరా వేసికొని ఆడిన ఆ తల్లులకు ఏ కార్డును దక్కలేదు. వారిలోని కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి యయ్యెను. 1938లో ‘మాలపిల్ల’తో కాంచనమాల ఇంటింటి పేరయ్యెను. అంతలో 1940లో, యుద్ధకాలపు కాగితపు కరవుచే, బ్రిటనులో కార్డులే నిలిచిపోయెను.

విశాఖ తీరమున పొగాకునకు మరియొక స్త్రీముఖము కలదు. జాలరి వాడలలోని వృద్ధస్త్రీలు చుట్టకొనను వెలిగించి, ఆ నిప్పును నోటిలోపల నుంచుకొని పీల్చెడివారు. దీనినే అడ్డపొగ యందురు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు పనిలో నుండవచ్చును. సౌకర్యమే, కాని ఆ వేడిమికి అంగిలి కాలును. పొరుగున శ్రీకాకుళం జిల్లాలో పిండ్‌బోర్గ్ ప్రభృతులు 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, అడ్డపొగవలన అంగిలిపై కలుగు మచ్చలను, పుండ్లను, క్యాన్సరును గూర్చి 1971లో ప్రకటించిరి. ఈ అలవాటు స్త్రీలలోనే హెచ్చు.

ఇప్పుడు సిగరెట్టు పెట్టెపై బొమ్మ మరల వచ్చినది. 2016 నుండి పెట్టె ముఖభాగమున 85 శాతమును రోగపీడితమైన అవయవపు చిత్రము, హెచ్చరిక ఆక్రమించుచున్నవి. జాలరి అవ్వ కొనెడి విడి చుట్టకు పెట్టె లేదు. కనుక ఆ బొమ్మయు లేదు.