చంటివాణ్ణి చూడడానికి వెళుతున్నారా?

వేసవి సెలవులనగానే వెనకటి రోజుల్లో ప్రయాణాలన్నీ ఒకే దిక్కుగా సాగేవి. పట్నాలలో ఉన్న కూతుళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని పల్లెల్లోని పుట్టిళ్ళకు చేరేవారు. వారిలో ఎవరైనా నిండుచూలాలైతే ఇంక చెప్పనక్కరలేదు. పుట్టింటివారు ముందే వెళ్ళి తీసుకువచ్చేవారు. పురుడు పుట్టింట్లోనే. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల. బిడ్డకు మూడో నెలో, అయిదో నెలో వచ్చాక సారె పెట్టి అత్తవారింటికి సాగనంపడం.

ఇప్పుడా దిక్కు మారిపోయింది. అల్లుడికి ఉద్యోగం, అమ్మాయికి ఉద్యోగం, పెద్దపిల్లకు బడి. కాన్పు పట్నంలోనే, ఆస్పత్రిలోనే. అంచేత కబురు అందగానే అమ్మమ్మా తాతయ్యలే మూటాముల్లే సర్దుకుని బయలుదేరుతున్నారు. మా కోడూరులో వేసవిలో ఏ వీధికి వెళ్ళినా ఒక ఇంటికైనా తాళం వేసి ఉంటుంది. "వీళ్ళేరండీ?" అని పక్కింటివారిని అడిగితే, "హైదరాబాదు వెళ్ళారు, అమ్మాయికి మగపిల్లాడు" అన్న జవాబు వస్తుంది.

మేమూ అలాగే వెళ్ళాం. కోడూరు నుంచి హైదరాబాదుకు సుమారు 350 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే సగం దారి గడిచిపోవాలని తెల్లవారుజామునే కారెక్కాం. అవనిగడ్డ దాటితే పులిగడ్డ. అక్కడే కృష్ణ రెండు పాయలుగా చీలి మా దివిసీమను చెరోవైపునా చుట్టుకుంటుంది. ఒకప్పుడు ఇక్కడినుంచి రేపల్లె వైపు పోవాలంటే పెనుమూడి రేవుకు పడవమీద దాటవలసి వచ్చేది. ఇప్పుడు వారధి ఉన్నది. మేము అటు తిరగకుండా ఈవలి పాయ దాటి మోపిదేవి చేరాం. సంతానం కోసం మొక్కుకునేవారికి అక్కడి సుబ్రహ్మణ్యస్వామి కొంగుబంగారం. అమ్మాయి కడుపు పండిందని మా ఇంటావిడ కారు ఆపించి మొక్కు తీర్చుకున్నది. ఆ తరువాత చల్లపల్లి, కూచిపూడి, పామర్రు. పామర్రు దగ్గర బందరు రోడ్డు ఎక్కితే ఉయ్యూరు చక్కెర మిల్లు మీదుగా బెజవాడ. దుర్గమ్మ కొండ పక్కనే ప్రకాశం బ్యారేజి. 1855లో కట్టిన పాత ఆనకట్టకు బదులుగా 1957లో వచ్చినది ఇదే. మా పొలాలకు నీళ్ళు ఇక్కడినుంచే కాలవల మీదుగా దిగి రావాలి. అక్కడినుంచి నందిగామ, కోదాడ, సూర్యాపేట.

ఈ ఊళ్ళపేర్లన్నీ ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, ఇవన్నీ నాకు తరువాత పనికివచ్చాయి. ఎలాగో చెబుతాను.

గుమ్మంలోకి అడుగుపెట్టగానే అయిదేళ్ళ మనుమరాలు ఎదురువచ్చింది. నవ్వలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, "తమ్ముణ్ణి చూడ్డానికొచ్చారా, అమ్మమ్మా?" అన్నది.

మా ఇంటావిడ తడుముకోకుండా, "కాదమ్మా, నిన్ను చూడ్డానికొచ్చాం. తమ్ముడు మాకు కొత్త కదా, నువ్వే చూపించాలి" అన్నది. ఆ పిల్ల మొహం విచ్చుకున్నది. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. అమ్మమ్మ చేతులు కడుక్కునే దాకా తమ్ముణ్ణి ముట్టుకోనివ్వలేదు కూడా!

ఆలోచించి చూస్తే ఈ ప్రశ్న వెనకటి రోజుల్లో అంతగా వినపడేది కాదు. తల్లి పురిటిగదిలో ఉంటే పెద్దపిల్లకు పెరట్లో లేగదూడ ఉండేది, గడ్డిమేటు ఉండేది, పిన్నులూ మేనమామల పిల్లలూ ఉండేవారు. అమ్మ ఒళ్ళో మరొకరు చేరారన్న సంగతి గుర్తుకు వచ్చేసరికి అలవాటైపోయేది. పట్నంలో మూడో అంతస్తు ఇంట్లో లేగదూడ ఎక్కడినుంచి వస్తుంది? నిన్నటిదాకా ఆ ఇంటికి తానొక్కతే మహారాణి. ఈరోజు వచ్చినవారందరూ తన తల నిమిరినట్లే నిమిరి ఉయ్యాల దగ్గరికి పోతున్నారు. పక్క తడిపే అలవాటు మానిన పిల్ల మళ్ళీ తడుపుతుంది. తనే తిన్న అన్నం కలిపి పెట్టమని మారాం చేస్తుంది. అది పెంకితనం కాదు, బెంగ. దెబ్బలకు పోయేది కాదు, దగ్గరికి తీస్తే పోయేది.

కనుక తాతలారా, మన పని ఇక్కడ ఉన్నది! చంటివాడికి తల్లి చాలు. పెద్దపిల్లకు మనం కావాలి. నేను ఒక తెల్లకాగితం తీసుకుని కృష్ణానది గీశాను. హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిసేచోట ఒక చుక్క, కోడూరు దగ్గర మరొకటి, మోపిదేవి దగ్గర గుడి, ఉయ్యూరు దగ్గర చెరుకుగడ. రోజుకొక ఊరు, ఊరికొక కథ. సూర్యాపేట చేరేసరికి ఆ పిల్ల తమ్ముడి ఉయ్యాల పక్కన కూర్చుని, ఆ కథలే వాడికి చెప్పడం మొదలుపెట్టింది!

ఇంక అమ్మమ్మల సంగతి. ఏం పట్టుకువెళ్ళాలన్న దానికి సలహా అక్కరలేదు. సున్నుండలు, కరివేపాకు కారం, కొత్త ఆవకాయ ఎలాగూ డబ్బాలకెక్కుతాయి. ఉతికి ఎండలో ఆరేసిన పాత నేతచీరల గుడ్డలు కూడా రెండు కట్టండి. చెమటకాలంలో చంటిబిడ్డ ఒంటికి అంత హాయినిచ్చేది మరొకటి లేదు.

ఇంట్లో వదిలివెళ్ళవలసినవే కొన్ని ఉన్నాయి. బిడ్డ నాలుకకు రాసే తేనె, నోట్లో వేసే ఆముదం చుక్క, కంటికి పెట్టే కాటుక, చెవిలో పోసే నూనె, వీటిని ఇప్పటి వైద్యులు వద్దంటున్నారు. తేనె ఏడాది లోపు బిడ్డకు ప్రమాదమే కావచ్చు. ముర్రుపాలు పిండి పారబోయడం మరీ తప్పు. పుట్టిన గంటలోపునే తల్లిపాలు పట్టాలనీ, ఆరు నెలలు నిండేదాకా అవి తప్ప మరేమీ ఇవ్వవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. "ఇంత ఎండలో పసివాడికి గొంతు ఎండిపోదూ?" అని మంచినీళ్ళు పట్టబోతాం. అక్కరలేదట. బిడ్డకు కావలసిన నీరంతా తల్లిపాలలోనే ఉన్నది. నీళ్ళు కావలసినది బాలింతకు. పథ్యం పేరు చెప్పి ఆమె చేతిలోని చెంబు లాక్కోకండి. దగ్గో జలుబో ఉంటే మాత్రం ఆశ చంపుకుని, తగ్గేదాకా ప్రయాణం వాయిదా వేసుకోండి.

మరొక చిక్కు ఉన్నది. వియ్యపురాలు కూడా అక్కడే ఉండవచ్చు. "వదినగారూ, మా వైపు ఇలా చెయ్యం" అన్న మాట ఎవరు ముందన్నా రెండో వారికి గుచ్చుకుంటుంది. ఇద్దరి మధ్యా నలిగిపోయేది ఒళ్ళు పచ్చిగా ఉన్న ఆ బాలింతే. దీనికి ఇద్దరమ్మలూ కలిసి పాటించదగిన సూత్రం ఒకటున్నది: బిడ్డ విషయంలో డాక్టరు మాట, ఇంటి విషయంలో బిడ్డతల్లి మాట. మిగిలినవాటిలో, అంటే కూరలో ఉప్పూకారాల దగ్గర, ఎంతైనా వాదించుకోవచ్చు.

ఇక వీలైతే తిరుగుప్రయాణం ఒంటరిగా చేయకండి. బడి తెరవడానికి పది రోజులుంటే, తల్లిదండ్రులు సరేనంటే, పిల్లకు ఇష్టమైతే పెద్దపిల్లను వెంట తెచ్చుకోండి. కాగితంమీద చూసిన నది ఎంత వెడల్పో కళ్ళారా చూస్తుంది. పది రోజుల తరువాత తమ్ముడికి చెప్పడానికి దాని దగ్గర బోలెడన్ని కబుర్లుంటాయి. వాడికి అర్థం కాకపోతేనేం, వినడానికి ఒకడున్నాడన్న సంతోషం అక్కకు చాలదూ!