అమ్మ మోయగలిగినంతే: గో బ్యాగ్ బరువు తగ్గించుకోవడం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో గో బ్యాగ్ గురించి మాట్లాడుకున్నాం కదా. ఇల్లు ఖాళీ చేయమని ఆర్డర్ వస్తే భుజాన వేసుకుని వెంటనే బయటపడే బ్యాగు అన్నమాట. అది విన్నాక మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "ఆన్‌లైన్‌లో దొరికిన లిస్టు ప్రకారం అన్నీ పెట్టాం, ఇప్పుడు బ్యాగు లేవడం లేదు. ఏం తీసేయాలి?" ఎపిసోడ్‌లో టైమ్ చాలక చెప్పలేకపోయిన లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. కాబట్టి కార్చిచ్చునే ఉదాహరణగా తీసుకుంటాను. ఫ్లోరిడాలో హరికేన్ అయినా, ఇంకో చోట వరద అయినా బరువు లెక్క మాత్రం ఇదే.

కారు ఉందిగా, బరువుతో పనేంటి?

అందరూ మొదట అనే మాట ఇదే. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పసిఫిక్ పాలిసేడ్స్‌లో ఏమైందో గుర్తు చేసుకోండి. సన్‌సెట్ బౌలెవార్డ్ మీద ట్రాఫిక్ ఆగిపోయింది, మంటలు దగ్గరికొచ్చేశాయి. జనం కార్లు అక్కడే వదిలేసి నడిచి వెళ్ళారు. ఫైర్ ఇంజన్లకి దారి కోసం ఆ కార్లని తర్వాత బుల్‌డోజర్‌తో పక్కకి నెట్టారు. కారు డిక్కీలో ఎన్ని కిలోలున్నా, ఆ క్షణంలో మీతో వచ్చేది మీ భుజం మీద ఉన్నదే.

ఇంకో విషయం. ఆ మంట మొదలైంది మంగళవారం ఉదయం పదిన్నర ప్రాంతంలో. మన ఇళ్ళలో ఆ టైమ్‌కి ఎవరుంటారు? మేమిద్దరం ఆఫీసులో, పిల్లలు స్కూల్లో. ఇంట్లో ఉండేది ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అమ్మా నాన్నా. ఇద్దరికీ ఇక్కడ డ్రైవింగ్ రాదు. 2018 నవంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజ్ ఊరు తగలబడినప్పుడు 85 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది 65 దాటినవాళ్ళే.

కోస్తా జిల్లాల వాళ్ళకి తుఫాను అలవాటే. కానీ తుఫానుకి రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది, సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. గాలి తోడైన మంటకి ఒక్కోసారి నిమిషాలే ఉంటాయి. అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒకటే: బ్యాగు ఎంత బరువుండాలో నిర్ణయించేది ఇంట్లో అందరికంటే బలమైన మనిషి కాదు, ఆ టైమ్‌కి ఇంట్లో ఉండే మనిషి.

ముందు తూకం వేయండి

మన ఇళ్ళలో వేరే ఏ పనిముట్టు లేకపోయినా సూట్‌కేసు కొక్కేనికి తగిలించి తూచే త్రాసు మాత్రం ఉంటుంది. 23 కిలోలు అనగానే ఇరవై రెండున్నర దాకా పచ్చళ్ళూ పొడులూ సర్దే జాతి కదా మనది! ఆ త్రాసు తీయండి. ఇక్కడ మాత్రం లిమిట్ దాకా సర్దే ఆ అలవాటు పక్కన పెట్టండి.

ట్రెక్కింగ్ అలవాటున్న ఆరోగ్యవంతులు తమ బరువులో 20 శాతం దాకా మోయొచ్చంటారు. అలవాటు లేని, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నేను 10 శాతం లోపే పెట్టుకుంటాను. మా అమ్మ బరువు 58 కిలోలు. అంటే ఎక్కువలో ఎక్కువ 5.8 కిలోలు, అయిదు లోపైతే ఇంకా మంచిది.

నాన్న సర్దిన బ్యాగు తూస్తే 12.8 వచ్చింది. "అన్నీ ఉంటే మంచిదే కదమ్మా" అన్నారాయన. అమ్మ ఒకసారి ఎత్తి చూసి "ఇది నా వల్ల కాదే" అని కింద పెట్టేసింది. అక్కడి నుంచి మేం ఒక్కొక్కటీ తీస్తూ వచ్చాం.

నీళ్ళు: 3.5 కిలోల నుంచి 1 కిలోకి

మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున కొన్ని రోజులకి నీళ్ళు నిల్వ పెట్టుకోమని ప్రభుత్వం చెప్తుంది. ఒక గ్యాలన్ 3.8 కిలోలు. మూడు రోజులకి ఒక్కరికే 11 కిలోలు దాటుతుంది, నలుగురికి 45 కిలోలు. దాదాపు రెండు చెకిన్ సూట్‌కేసులు! ఆ లెక్క ఇంట్లో నిల్వకి. భూకంపం వచ్చి కుళాయి ఆగిపోయినప్పుడు, మనం ఇంట్లోనే ఉన్నప్పుడు పనికొస్తుంది. మంట నుంచి బయటపడేటప్పుడు మనం వెళ్ళేది నీళ్ళుండే చోటికే. దారికి ఒక లీటరు చాలు. రెండు అరలీటరు ప్లాస్టిక్ బాటిల్స్ పెట్టాం, స్టీలు ఫ్లాస్కు తీసేశాం. ఖాళీ ఫ్లాస్కే అరకిలో ఉంది.

తిండి: 2 కిలోల నుంచి అరకిలోకి

డబ్బా బీన్స్ అంటే సగం పైన మోసేది నీళ్ళనీ, రేకునీ. 100 గ్రాముల డబ్బా బీన్స్‌లో దాదాపు 100 కేలరీలుంటే, 100 గ్రాముల పల్లీల్లో 550 పైనే ఉంటాయి. పుట్నాలు, వేయించిన పల్లీలు, ఖర్జూరాలు పెట్టండి. వేడినీళ్ళు కావాల్సిన ఉప్మా మిక్స్, నూడుల్స్ వద్దు. షుగరుకి మందులు వాడేవాళ్ళుంటే గ్లూకోజ్ బిళ్ళలు తప్పనిసరి. తిండి వేళ తప్పితే షుగర్ పడిపోవచ్చు.

బట్టలు: 3 కిలోల నుంచి 1.1కి

జీన్స్, లావు టర్కీ టవల్, దుప్పటి, ఈ మూడే రెండు కిలోలు లాగేశాయి. టవల్ బదులు మన తుండుగుడ్డ పెట్టండి. పావుకిలో కూడా ఉండదు, తొందరగా ఆరుతుంది, తలకి చుట్టుకోవచ్చు. దుప్పటి బదులు వెండి రేకులాంటి ఎమర్జెన్సీ షీటు పెట్టండి, కొన్ని పదుల గ్రాములే. ఒక జత బట్టలు, ఒక శాలువా చాలు. ఒంటి మీద ఉన్నది బ్యాగు బరువులోకి రాదు కాబట్టి పొడుగు చేతుల కాటన్ చొక్కా, కాటన్ ప్యాంటు, బూట్లు గుమ్మం దగ్గరే పెట్టండి. నైలాన్, పాలిస్టర్ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి.

కాగితాలు: 1.1 కిలోల నుంచి 200 గ్రాములకి

ఇది మనవాళ్ళ స్పెషల్. ఒక కాగితం నాలుగున్నర గ్రాములే. కానీ పన్నెండేళ్ళ హెచ్-1బి ఫైలు, టాక్స్ రిటర్న్స్, ఇంటి కాగితాలు కలిస్తే 240 షీట్లు, కిలో దాటింది. వడపోతకి ఒకే ప్రశ్న: ఇది పోతే మళ్ళీ తెచ్చుకోవడం ఎంత కష్టం? పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డు, ఓసీఐ, ఐ-797 ఒరిజినల్ ఉంచండి. ఐ-94 ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. టాక్స్ కాగితాలు స్కాన్ చేసి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లోనే పెట్టుకోండి. జిప్‌లాక్ కవర్ మర్చిపోవద్దు.

వీటితోపాటు అయిదు గ్రాముల కాగితం ఒకటి రాసిపెట్టండి. అమ్మా నాన్నల పేర్లు, ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబర్లు, వేరే ఊళ్ళో ఉన్న ఒక స్నేహితుడి నంబరు, "మేం తెలుగు మాట్లాడతాం" అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క. ఫోన్ చార్జింగ్ అయిపోతే నంబర్లు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? బ్యాగు మొత్తంలో బరువుకి తగ్గ విలువ దీనికే ఎక్కువ.

మందులు: 900 గ్రాముల నుంచి 400కి

ఇక్కడ మాత్రం రోజుల లెక్కలో పిసినారితనం వద్దు. వారానికి సరిపడా ఉండాలి. తగ్గించాల్సింది డబ్బాలూ, సీసాలూ, బీపీ మిషనూ. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క పోకుండా చూడండి. ఇండియా బ్రాండ్ పేరు ఇక్కడి ఫార్మసీలో అర్థం కాదు, అసలు మందు పేరు రాయండి. దాంట్లో కూడా తేడాలుంటాయి: మనం పారాసిటమాల్ అనేదాన్ని ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఇన్సులిన్ ఉంటే బ్యాగు మీద "ఫ్రిజ్‌లో ఇన్సులిన్" అని పెద్ద చీటీ అంటించండి.

మిగతావి

బ్యాటరీల టార్చి, రేడియో, మూడు చార్జర్లు కలిపి 900 గ్రాములు. వాటి బదులు తలకి పెట్టుకునే లైటు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ఒక కేబుల్, విజిల్, రెండు ఎన్-95 మాస్కులు: 400 గ్రాములు. చక్రాలున్న బ్యాగు 1.4 కిలోలుంది. మెట్ల మీద, గులకరాళ్ళ మీద చక్రాలు ఎలాగూ పనిచేయవు. పిల్లల పాత స్కూలు బ్యాగు 600 గ్రాములే.

మొత్తం 4.2 కిలోలు. అమ్మ వేసుకుని "ఇదైతే గుడికి వెళ్ళినట్టు వెళ్తాను" అంది.

తీసేసినవి ఏం చేయాలి?

పారేయక్కర్లేదు. మిగతా నీళ్ళు, డబ్బాలు, దుప్పట్లు, బీపీ మిషన్, ఇవన్నీ రెండో బ్యాగులో వేసి పక్కనే పెట్టాం. కారు ఉంటే రెండూ వెళ్తాయి. నడవాల్సి వస్తే రెండోదాని వైపు చూడకుండా వెళ్ళిపోవాలి. ఈ మాట ముందే అనుకుని పెట్టుకోండి. ఆ హడావుడిలో ఏది వదలాలా అని ఆలోచిస్తూ నిలబడే నిమిషం చాలా ఖరీదైనది. బంగారం కూడా అంతే. బరువుండదు, నిజమే. కానీ దాన్ని దాచిన చోటు నుంచి తీయడానికి పట్టే టైమ్ చూసుకోండి. బ్యాంకు లాకర్‌లో ఉంటే ఆ బెంగే లేదు.

చివరిగా, త్రాసు చెప్పేది సగమే. బ్యాగు ఎవరిదో వాళ్ళ భుజానికే వేసి, వాళ్ళు వేసుకునే బూట్లతోనే ఒక మైలు నడిపించండి. నాన్నకి అరమైలు దగ్గర పట్టీ భుజం కోసుకుంది, తుండుగుడ్డ మడిచి కింద పెడితే సర్దుకుంది. ఇలాంటివి ఇంట్లో కూర్చుంటే తెలియవు. మార్చిలో, నవంబరులో గడియారం మార్చే రోజున బ్యాగు కూడా విప్పి మందుల తేదీలు చూడండి. పెద్దవాళ్ళు ఇండియా వెళ్ళిపోయినప్పుడూ, మళ్ళీ వచ్చినప్పుడూ మళ్ళీ తూకం వేయండి. మోసే మనిషి మారితే బ్యాగూ మారాలి కదా.