వడ్లగింజ గీసిన కంట్లో పువ్వెందుకు వేస్తుంది?

"నూర్పుళ్లప్పుడు మా అవ్వ కంట్లో వడ్ల పొట్టు పడింది. వెంటనే తీసేశాం. అయినా నాలుగు రోజులకి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వచ్చింది, ఎందుకు?" మదురై దగ్గర, నాయకరాజుల నాడు స్థిరపడ్డ తెలుగు ఇంటి పిల్ల ప్రశ్న ఇది. పొట్టు పోయింది సరే, అది గీసిన గీత మిగిలింది. మనం చూడాల్సింది ఆ గీతనే.

నల్లగుడ్డుకి అద్దంలా ఉండే పొర కార్నియా. వెలుతురుకి అడ్డు రాకూడదు కాబట్టి అందులో రక్తనాళాలుండవు. వేలు తెగితే రక్తం పరుగెత్తుకొస్తుంది. ఇక్కడ రాదు. కాపలా అంతా కన్నీళ్లదీ, రెప్పలదీ, పైనున్న పలచటి తొక్కదీ. వడ్లగింజ మొన ఆ తొక్కనే చీలుస్తుంది.

మరి సూక్ష్మజీవి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏడిస్తే ముక్కు ఎందుకు కారుతుందో గమనించారా? కంటి మూల నుంచి ముక్కులోకి సన్నటి గొట్టం ఉంది. అది పూడితే కన్నీటి సంచిలో నీరు నిలవుండిపోతుంది. నిలవ నీళ్ల సంగతి చెరువు గట్టున పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. డాక్టరుగారు ముక్కు పక్కన వేలితో నొక్కి చూసేది అందుకే. కంటి మూలలో చీము బొట్టు పైకి వచ్చిందా, దొంగ ఇంట్లోనే ఉన్నట్టు.

1994 జనవరి నుంచి మార్చి వరకు మదురైలో కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని పరీక్షించారు. 284 మందికి అంతకుముందు కంటికి దెబ్బ తగిలింది. ల్యాబులో పెరిగిన బాక్టీరియాలో ఎక్కువగా కనిపించింది స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే. గ్రీకులో 'కొక్కోస్' అంటే గింజ. గింజ గీసిన చోట గింజే మొలిచిందన్నమాట!

గొంతులో ఈ బాక్టీరియా చాలామందికి కీడు చేయకుండానే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగితే చలిజ్వరం, ఊపిరి తీస్తే పోటు. మెదడు పొరల్లోకి చేరితే తలనొప్పి, బిగుసుకున్న మెడ. కంట్లో అయితే ఎరుపు, నొప్పి, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం. పోరాడడానికొచ్చిన తెల్లకణాలు కార్నియా వెనకున్న నీటిలో అడుగుకి దిగి, గిన్నెలో పిండి పేరుకున్నట్టు తెల్లటి మట్టం కడతాయి.

కోయంబత్తూరు వైపు నేత ఇళ్లలో మగ్గం చూసే ఉంటారు. కార్నియాలో పోగులు పడుగులా వరస తప్పకుండా ఉంటాయి, అందుకే వెలుగు సూటిగా దాటుతుంది. సూక్ష్మజీవి విషమూ, పోరాటమూ కలిసి ఆ పోగుల్ని కరిగించేస్తాయి. మానేటప్పుడు కొత్త పోగులు చిక్కుపడ్డ నూలులా అల్లుకుంటాయి. వెలుగు అక్కడ చెదిరిపోతుంది. మనం పువ్వు అనేది ఆ చిక్కునే.

మదురైలో ఆ మూడు నెలల్లో బూజు వల్ల వచ్చిన పుళ్లు కూడా దాదాపు బాక్టీరియా వల్ల వచ్చినన్నే. చూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి, మందులు మాత్రం వేరు. అందుకే ముందు పుండుని కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెడతారు. ఇది తేలకుండా ఎవరో చెప్పిన చుక్కలు తెచ్చి వేయడం నాకైతే పొట్టుకన్నా భయం.

ఇక అవ్వని రాత్రంతా గంటగంటకీ లేపి మందెందుకు వేశారంటావా? వేసిన చుక్కని కన్నీళ్లు కడిగేస్తాయి. లోపల్నుంచి మందు మోసుకొచ్చే రక్తనాళం అక్కడ లేదు కదా.