కారు చెప్పే జబ్బు

పాత కారులో ఇంజను బొమ్మ దీపం వెలిగిందా? కారులోని కంప్యూటరు ఏదో లోపం పసిగట్టిందన్నమాట! అమెరికాలో 1996 నమూనా నుంచి కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి. పరికరం తగిలిస్తే 'పి0562' అని వచ్చిందనుకోండి. అర్థం: వోల్టేజి తక్కువ.

వెంటనే బ్యాటరీ మార్చేయకండి. సంకేతం జ్వరం లాంటిది. కారణం మనమే వెతకాలి.

ఇంజను ఆగి ఉంటే మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. నడుస్తుంటే సాధారణంగా 14 దాకా. నడుస్తున్నా పెరగలేదా? ఆల్టర్నేటరు వద్ద కొలవండి. అక్కడా తక్కువైతే లోపం ఆ వైపే. అక్కడ 14, బ్యాటరీ వద్ద 12 ఉంటే? దారిలో ఏదో తుప్పుపట్టిన అతుకు 2 వోల్టులు మింగేస్తోంది!

ఓమ్ సూత్రం గుర్తుందిగా? 40 ఆంపియర్లు పారేచోట 0.05 ఓముల నిరోధం చాలు: 40 × 0.05 = 2. బ్యాటరీ తీగ విప్పాక, ఆ తుప్పు గీకి బిగిస్తే సరి. కొత్త బ్యాటరీ ఖర్చు మిగిలినట్లే!